పాత ప్రాంగణములకు తగిన బండ

ఊరివారు పదిమంది కూడి మంచిచెడ్డలు మాటాడుకొను చోటునకు మన పెద్దలు రచ్చబండ అని పేరు పెట్టిరి. వేపచెట్టు నీడను వేసిన ఒక పెద్ద రాయి, దానిమీద కూర్చుండు ఊరు: ఇంతే ఆ మాటకు అర్థము. ఉమ్మడి స్థలమునకు నేలయే ఆధారమని ఇందువలన తెలియుచున్నది. అయినను మనము గోపురమును తలయెత్తి చూతుము, స్తంభములను దగ్గరకు పోయి చూతుము, నేలను మాత్రము త్రొక్కి పోవుదుము. పాత కోటలను, ఆలయ ప్రాంగణములను, కోనేటి మెట్లను, అంగడి వీథులను బాగుచేయ బూనినపుడు అందరికంటె ముందు మారిపోవునది ఈ నేలయే. గోడకు రంగు వేసినచో పదిమంది అడుగుదురు. పాతబండ తీసి క్రొత్తబండ వేసినచో "శుభ్రమైనది" అని మెచ్చుకొందురు.

ఈ విషయము నేడు మన జిల్లాకు చాల దగ్గరిది. జమ్మలమడుగునకు పడమట, పెన్న కొండను చీల్చుకొని పారుచోట, గండికోట కలదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట అది. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దానిని పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడనే ఆయనను దర్శించెను. మాధవరాయస్వామి ఆలయము, రంగనాథస్వామి ఆలయము, జామియా మసీదు, ధాన్యపు కొట్టు అందు కలవు. 2024లో కేంద్రప్రభుత్వము గండికోటను యాత్రాస్థలముగా అభివృద్ధి చేయుటకు సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ధనము వచ్చిన చోట బాటలు, మెట్లు, విశ్రాంతిస్థలములు వచ్చును. వానికి ఏ రాయి పరచవలయును? ఎట్లు పరచవలయును? గండికోటకే కాదు, మన పల్లెలలో జీర్ణోద్ధరణ జరుగుచున్న ప్రతి గుడికిని ఈ ప్రశ్న వర్తించును.

జవాబు వెదకుటకు మనము దూరము పోవలసిన పనిలేదు. ఎఱ్ఱగుంట్ల దగ్గరి చిలమకూరు నేలను చూచిన చాలును.

చిలమకూరు, నిడుజువ్వి, ఎఱ్ఱగుంట్ల ప్రాంతమంతయు సున్నపురాతి పొరలమీద నిలిచియున్నది. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ శిలకు నార్జి సున్నపురాయి అని పేరు పెట్టిరి. విలియం కింగ్ అను శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతముల రాళ్ళను పరిశీలించి వ్రాసిన గ్రంథము 1872లో వెలువడెను. అప్పటినుండి మన ఊళ్ళ పేర్లు ప్రపంచపు శాస్త్రగ్రంథములలోనికి ఎక్కినవి. గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట: ఇవి మనకు ఊళ్ళు, శాస్త్రజ్ఞులకు శిలల పేర్లు. భూమిమీద చెట్టుచేమలు పుట్టకముందే, లోతులేని సముద్రపు అడుగున సన్నని సున్నపు బురద పొరపొరగా పేరుకొని ఈ రాయి ఏర్పడినది. ఆ పొరలనడుమ పలుచని మట్టి చారలు నిలిచిపోయినవి. అదియే మన అదృష్టము. ఆ చారల వెంట రాయి తనంతట తాను విడిపోవును.

గనిలో పనిచేయువారు ఉలిని పొరసందున నిలిపి, సుత్తితో వరుసగా కొట్టి, గునపముతో మెల్లగా పైకి లేపుదురు. అంగుళము, రెండంగుళములు, మూడంగుళముల మందముగల బండ చదునుగా లేచి వచ్చును. రంపము లేకయే ఇంత చదునైన రాయి దొరకుట ప్రపంచములో అన్ని చోట్ల సాధ్యము కాదు. కావుననే మనవారు దీనిని ఇంటినేలకు, మిద్దెకప్పునకు, అరుగునకు, గూటి అరలకు, చేనిగట్టునకు, బావిమెట్టునకు వాడుకొనిరి. బొంబాయి వంటయిండ్లలో పొయ్యిగట్టుమీది నల్లరాతిని నేటికిని "కడప్పా" అనియే పిలుతురు. ఊరి పేరు రాతిపేరుగా మారి, రాయి చేరిన దూరము మన భాషయు చేరినది.

ఇదే రాయి మనకు మూడు రూపములలో ఉపయోగపడుచున్నది. లేపి పరచినచో బండ. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చినచో సున్నము. మట్టితో కలిపి మెత్తగా పొడిచేసి సుమారు 1450 డిగ్రీల వేడికి కాల్చి, మరల పొడిచేసినచో సిమెంటు. చిలమకూరులోనే సిమెంటు కర్మాగారము కలదు. బండ, సున్నము మన పూర్వులు ఎరిగినవి. సిమెంటు 1824లో ఇంగ్లండున పేటెంటు పొందిన క్రొత్తవస్తువు. క్రొత్త వంతెనకు, క్రొత్త ఇంటికి సిమెంటు మంచి మిత్రమే. పాతకట్టడమునకు మాత్రము బండయు సున్నమును చుట్టములు. సిమెంటు దానితో పొసగదు. మేము చెప్పదలచినదానిలో ముఖ్యమైన సంగతి ఇదియే. తక్కిన వివరములన్నియు దీనిచుట్టు తిరుగును.

రాయిని ఎంచుటకు ముందు చేయవలసిన పని ఒకటి కలదు. ఇదివరకే అక్కడ ఉన్నదానిని చూడవలయును. ఇది చాల చిన్నమాటవలె తోచును. కాని రేనాటిసీమలో దీనికి విలువ కట్టలేము. ఎఱ్ఱగుంట్ల మండలములోనే కలమళ్ళ అను గ్రామమున, చెన్నకేశవాలయపు ఆవరణలో, రేనాటిచోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము దొరకినది. అది 575 ప్రాంతపుది. ఇంతవరకు దొరకిన తెలుగు శాసనములలో అదియే మొదటిదని పండితులు ఎంచుచున్నారు. అగస్త్యేశ్వరస్వామి వెలసిన చిలమకూరులోను రేనాటిచోళుల శాసనము లభించినది. తెలుగు మాట మొదట నిలిచినది ఈ సీమ రాతిమీదనే. ఇట్టి నేలలో ఒక పాతరాతిని పారవేయుటకు ముందు పదిసార్లు దానిని కడిగి చూడవలసియున్నది.

శాసనములు గోడలమీదనే ఉండునని అనుకొనరాదు. తెలుగునాట అనేకాలయములందు నేలబండలమీద, మెట్లమీద కూడ అక్షరములు కలవు. స్వామికి సాష్టాంగపడిన భక్తుల ప్రతిమలను నేలమీదనే చెక్కించిరి; వచ్చిపోవు భక్తుల పాదధూళి తమమీద పడవలయునని వారి కోరిక. మంటపముల అంచులలో పులిజూదపు గీతలు, వామనగుంటల వంటి చిన్నగుంటలు కనబడును. తిరునాళ్ళకు వచ్చినవారు, కాపలావారు, బాటసారులు నీడపట్టున కూర్చుండి ఆడుకొన్న గుర్తులవి. రాజుల పేర్లు గ్రంథములలో దొరకును. సామాన్యుల జాడ దొరకు చోటు నేలబండయే. ఆ బండమీద రెండంగుళముల సిమెంటు పోసి, దానిమీద మెరుగురాయి అతికినచో ఆ జాడ మరల కంటికి కనబడదు.

కావున మొదటిపని, నేలను ఊడ్చి కడిగి, ఏటవాలు వెలుగులో, అనగా ఉదయపు ఎండలో గాని సాయంకాలపు ఎండలో గాని, ప్రతి బండను పరీక్షించుట. నడుమధ్యాహ్నపు ఎండలో కనబడని గీత వాలువెలుగులో తేటపడును. రెండవపని, బండలకు వరుసగా అంకెలు వేసి, పటము గీసి, ఛాయాచిత్రములు తీసి ఉంచుట. అంకెలు సుద్దతో వేయవలయునే గాని ఉలితో కాదు. చెరగని రంగుతోను కాదు. శ్రీశైలపు ఆనకట్ట నీటిలో మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి, అలంపురమునకు తెచ్చి మరల నిలిపిన నేర్పు మన దేశమున కలదు. ఆలయమునే అట్లు తరలింపగలిగినపుడు, ఒక ప్రాంగణపు నేలను విప్పి మరల కూర్చుట అసాధ్యము కాదు. గట్టిగా ఉన్న పాతబండ మరల తన చోటికే రావలయును. పగిలిన బండను చిన్నదిగా చెక్కి వేరొక చోట వాడవచ్చును. నిజముగా చెడిన దానికి మాత్రమే క్రొత్తరాయి వెదకవలయును.

మూడవపని నేలమట్టమును చూచుట. పాతనేలమీదనే క్రొత్తనేల వేయుట సులభము, చౌక కూడ. అట్లు ఒక తరము వేసిన దానిమీద మరియొక తరము వేసి, అనేక ఆలయములలో అధిష్ఠానపు అచ్చులు సగము భూమిలో కూరుకొనిపోయినవి. గడప ఎత్తు తగ్గును. వాననీరు లోపలికి దారి తీయును. గుడిలో తేమ ఎక్కినదని పైకప్పును నిందింతుము. తప్పు పెరిగిన నేలది కావచ్చును. ఒక మూలలో చిన్నగుంట త్రవ్వి చూచినచో ఎన్ని నేలలు ఒకదానిమీద నొకటి పడినవో తెలియును. అవసరమైనచోట పైపొరలను తొలగించి మొదటి మట్టమునకు దిగుటయే నిజమైన జీర్ణోద్ధరణము.

ఇక క్రొత్తరాయి వెదకవలసి వచ్చినచో, ఏ రాయి? ఆ కట్టడము ఏ రాతితో కట్టబడినదో ఆ జాతి రాయి. హైదరాబాదున చార్మినారు చుట్టు వాహనములను తొలగించి, కాలినడక వారికై గ్రానైటు రాళ్ళు పరచిరి. అది అక్కడికి తగినదే; 1591లో లేచిన ఆ కట్టడము గ్రానైటుతో, సున్నముతో కట్టబడినది, నగరము చుట్టునున్న గుట్టలన్నియు గ్రానైటువే. రోమునగరపు వీథులకు ఆ సమీపపు అగ్నిపర్వతముల నల్లరాతినే చిన్నదిమ్మెలుగా కొట్టి పరచిరి. హైదరాబాదునకు తగినదని ఆ గ్రానైటును కడప జిల్లాకు తెచ్చుట, రోమునకు తగినదని ఆ దిమ్మెలను గండికోటకు తెచ్చుట ఒక్కటే పొరపాటు. గొప్పరాయి అని వేరే ఒకటి లేదు. చోటునకు తగిన రాయి కలదు.

మన జిల్లాలోనే ఒక చోటి రాయి మరియొక చోటికి తగకపోవచ్చును. గండికోట చిలమకూరు సున్నపురాతిమీద లేదు. ఆ కొండ ఎఱ్ఱని, మిక్కిలి గట్టి, ఇసుకరాతి జాతి శిల. క్వార్ట్‌జైట్ అని శాస్త్రజ్ఞులు పిలుతురు. లోయ అంచున ఇటుకలు పేర్చినట్లు కనబడు దిమ్మెలు అవియే. కోటగోడలును ఆ ఎఱ్ఱరాతివే. కావున అచట క్రొత్తబాట వేయవలసి వచ్చినచో ఎఱ్ఱరాయి చూపునకు ఒదుగును. నల్లని కడపబండను మెరుగుపెట్టి అచట పరచినచో ఎఱ్ఱకొండమీద నల్లమచ్చవలె కనబడును. ఇంకొక మాట: గండికోటలో చాలచోట్ల పుట్టుబండయే నేల. దానికి మించిన పరపు వేరొకటి లేదు. కొన్ని చోట్ల దిమ్మిసకొట్టిన మొరమే చాలును. ఏమియు పరచకుండుట కూడ ఒక నిర్ణయమే. అది లెక్కలలో ఖర్చుగా కనబడదు గనుక ఎవరును దానిని తలపెట్టరు.

సున్నపురాయి జాతిలో కూడ రకములు కలవు. కడప బండ నల్లనిది, బేతంచెర్ల బండలో ఆకుపచ్చ, బూడిద, గులాబి చాయలు తగులును, తాండూరు బండ నీలి, పసుపు వర్ణములలో వచ్చును. పాతనేల రంగును పోల్చునపుడు గనినుండి అప్పుడే వచ్చిన తడిబండను చూచి మోసపోరాదు. నల్లబండకు నలుపు దానిలో కలిసియున్న బొగ్గుపదార్థము వలన వచ్చును. ఎండకు వానకు ఏండ్లతరబడి నిలిచిన తరువాత పైముఖము బూడిదవన్నెకు తిరుగును. నేడు కొంచెము నల్లగా కనబడు క్రొత్తబండ కొన్ని ఏండ్లకు పాతవానితో కలిసిపోవును. రంగు కలపలేదని తొందరపడి నూనె గాని మెరుగుపూత గాని పూయుట అనవసరము.

బండ మంచిచెడ్డలు తెలిసికొనుటకు పెద్ద ప్రయోగశాల లేకున్నను కొన్ని పరీక్షలు మనమే చేయవచ్చును. చిన్నసుత్తితో తట్టినపుడు గట్టిబండ కంగుమని మ్రోగును; లోపల బీట ఉన్న బండ బొంగురుగా పలుకును. కుండలు కొనునపుడు మన ఇల్లాండ్రు చేయు పరీక్షయే ఇది. బండ అంచును చూడవలయును. మట్టిచారలు మందముగా ఉన్నచో తడిసి ఆరుచు, తడిసి ఆరుచు కొన్ని వానలకే పొరలు లేచిపోవును. అట్టి బండ నీడపట్టున పనికివచ్చును గాని ఆరుబయట పనికిరాదు. నాలుగు గనుల నుండి నాలుగు ముక్కలు తెచ్చి, బాగుగా ఎండబెట్టి తూచి, ఒక దినము నీట నానబెట్టి, పైతడి తుడిచి మరల తూచవలయును. ఎక్కువ బరువెక్కినది ఎక్కువ నీరు పీల్చినదన్నమాట. తక్కువ పీల్చినది మేలు. అమ్మువాడు గ్రానైటు అని చెప్పినను నమ్మకము చాలనిచో ఒక చుక్క నిమ్మరసము వేసి చూడవచ్చును. సున్నపురాయి అయినచో చిన్నబుడగలు పొంగును. గ్రానైటు అయినచో కదలదు. అన్నిటికంటె పెద్ద పరీక్ష ఆ గని బండలే పరచిన ఒక పాతయిల్లు గాని, బావిమెట్లు గాని వెదకి చూచుట. యాభై ఏండ్ల వానలు చేసిన పరీక్షకు సాటి లేదు.

తరువాత చూడవలసినది పైముఖము. నేడు చాలమంది అద్దమువలె మెరయు నేలను అందమనుకొనుచున్నారు. కాని ఆలయ ప్రాంగణమున జనులు చెప్పులు లేకుండ నడుతురు. అభిషేకజలము, కొబ్బరినీరు, దీపపునూనె నేలమీద పడును. మెరుగుపెట్టిన రాయి తడిసినచో వృద్ధులకు, గర్భిణులకు, చంకబిడ్డలతో వచ్చు తల్లులకు ప్రమాదము. తుంటియెముక విరిగిన ముసలివారికి ఆ మెరుగువలన ఏమి సుఖము? పొరవెంట లేచిన సహజముఖము కొంచెము గరుకుగా ఉండి కాలికి పట్టునిచ్చును. కావున చిలమకూరు గనిలో చేతితో లేపిన బండ ఆరుబయటి ప్రాంగణమునకు యంత్రమున మెరసిన బండకంటె మేలైనది. సాధారణముగా ధరయు తక్కువ. గరుకు అనగా ఎగుడుదిగుడు కాదు. చక్రపు కుర్చీలో వచ్చువారికొరకు ప్రాంగణము పొడవునను ఒక వరుస బండలను సన్నగా చెక్కి సమముగా పరచుట ధర్మము.

కడప ఎండ సంగతి మరువరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటుట ఇచట మామూలు. నల్లరాయి ఆ ఎండను త్రాగి నిప్పువలె కాలును. ప్రదక్షిణమార్గము మొత్తము క్రొత్తగా నల్లబండ పరచదలచినవారు ఒక మధ్యాహ్నము చెప్పులు విడిచి నడచి చూచుట మంచిది. పూర్వము ఈ బాధకు మందు చెట్టునీడ, వసారా, మంటపము. నేల వేయుటకని వేపచెట్టును కొట్టివేసి, తరువాత పాదములు కాలుచున్నవని తెల్లరంగు పూయుట తెలివైన పని కాదు. చెట్టు మొదలుచుట్టు మట్టిని విడిచి బండ పరచినచో చెట్టును బ్రతుకును, వాననీరును భూమిలోనికి దిగును. నడకబాటకు లేతవన్నె బండ ఒక వరుస వేయుట, ఎండకాలము కొబ్బరిపీచు పట్టాలు పరచి తడుపుట సులభోపాయములు.

మందము విషయమున ఒక చిన్నసూత్రము. వెడల్పై పలుచనైన బండ నడుమ బోలుగా ఉన్నచో బరువుకు వంగలేక విరుగును. చిన్నదై మందమైన దిమ్మె విరుగదు. కాలినడకకు రెండంగుళముల బండ, క్రింద ఖాళీ లేకుండ కుదిరినచో, చాలును. రథము తిరుగు మాడవీథికి, నీళ్ళబండ్లు వచ్చు బజారుకు అది చాలదు. అచట నాలుగంగుళములకు తగ్గని మందపు దిమ్మెలు కావలయును. పాతవీథిలోనికి లారీలను రానిచ్చి, బండ విరిగినదని రాతిని నిందించుట తగదు.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తము. బండను దేనితో కూర్చవలయును? సున్నముతో. సున్నపు గచ్చు బండకంటె మెత్తనిది, గాలి ఆడునది. నేలలోని తేమ సందులగుండ మెల్లగా బయటికి పోవును. సిమెంటు బండకంటె బిగువైనది, తేమను పోనీయదు. దారిలేని తేమ బండలోనుండియు గోడలోనుండియు పైకి ప్రాకును. దానితో కరిగిన లవణములు వచ్చి, నీరు ఆరినపుడు రాతి ముఖము వెనుక స్ఫటికములుగా పెరిగి పొరలను నెట్టివేయును. గోడ అడుగున తెల్లని చవుడు, పొడిపొడిగా రాలు రాయి కనబడినచో ఆ చుట్టుపట్ల సిమెంటు నేల ఉన్నదేమో చూడవలయును. సున్నపురాతిని నీరు మెల్లగా కరగించునని తెలియుటకు బెలుం గుహలే సాక్ష్యము; ఆ గుహలను తొలిచినది నీరే. మరియొక నష్టము కూడ కలదు. సున్నములో కూర్చిన బండను ఎప్పుడైనను పగులకుండ లేపవచ్చును. సిమెంటులో అతికిన బండను లేపబోయినచో బండయే ముక్కలగును. మన తరువాతివారు సరిదిద్దుకొనుటకు వీలు లేకుండ పని చేయుట మనకు హక్కు లేని పని.

హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణమున 2013 నుండి జరిగిన ఉద్ధరణలో, ఆగాఖాన్ సంస్థవారు పూర్వపు మరమ్మతులలో పూసిన సిమెంటును తొలగించి మరల సున్నపు పని చేయించిరి. ఒకసారి సిమెంటు పూయుటకు, మరల దానిని గీకివేయుటకు, మరల సున్నము వేయుటకు మూడుసార్లు ఖర్చు. మొదటనే సున్నము వాడినచో ఒకసారియే ఖర్చు.

సున్నపు పని తెలిసినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. కాల్చిన సున్నమును నీటిలో బాగుగా చల్లార్చి, ఒక పాలు సున్నమునకు రెండు మూడు పాళ్ళ ఇసుక చేర్చి, గానుగలో నలిపినది డంగుసున్నము. తేమ ఎక్కువగా ఉన్న చోట ఇటుకపొడి చేర్చుదురు. బెల్లపునీరు, కరక్కాయనీరు చేర్చు వాడుకయు కలదు. క్రింద కంకర, ఇసుక దిమ్మిసకొట్టి, దానిమీద సున్నపు పరుపు వేసి, బండను నిండుగా ఆనించి తట్టి కూర్చవలయును. పది అడుగులకు సుమారు రెండంగుళముల వాలు నీరుపోవు వైపునకు, గోడకు ఎడముగా, ఉండవలయును. సందులను సన్నని సున్నముతో నింపి కొన్ని దినములు తడిగోనెలు కప్పవలయును. సున్నము నిదానముగా గట్టిపడును. పండుగకు పదిదినముల ముందు మొదలుపెట్టి పండుగనాటికి ముగింపుమనినచో మేస్త్రి సిమెంటు వాడక మానడు. అందుచేత సున్నపు పనికి కావలసిన మొదటి సామగ్రి కాలవ్యవధి. పత్రములలో గడువు వ్రాయువారు ఈ సంగతి ఎరుగవలయును.

సిమెంటును దూషించుట మా ఉద్దేశము కాదు. కోట వెలుపల బండ్లు నిలుపు స్థలమునకు, దుకాణముల ముందరి క్రొత్త కాలిబాటకు సిమెంటు ఇటుకలు వాడుకొనవచ్చును. సందులలో ఇసుక ఉన్న ఇటుకలు కొంత నీటిని దిగనిచ్చును, తీసి మరల వేయుటకు వీలగును. అవి కోటలోపలికి, మంటపము ప్రక్కకు రాకుండ ఒక హద్దు గీయవలయును. ఏది పాతదో, ఏది క్రొత్తదో చూచువానికి తెలియవలయును. అయినను రెండును పొసగవలయును. 1964లో వెనిస్ నగరమున పలుదేశముల నిపుణులు కూడి అంగీకరించిన పత్రపు సారము కూడ ఇదియే. క్రొత్తగా వేసిన బండ అడుగువైపున సంవత్సరమును చిన్నగా చెక్కియుంచుట మంచి ఆచారము కాగలదు. నూరేండ్ల తరువాత దానిని లేపువాడు మన పనిని గుర్తించును.

ఖర్చు ఎక్కువ కాదా అని కొందరు అడుగుదురు. దూరదేశపు రాతిని తెచ్చుటకు కిరాయి, మెరుగుపెట్టుటకు కూలి తగ్గునుగదా. పాతబండలను మరల వాడినచో కొనవలసిన రాయి తగ్గును. మన గనుల ప్రక్కన కొలతకు రాలేదని పారవేసిన ముక్కలు గుట్టలుగా పడియున్నవి. వానిలో మందమైనవి ఏరి చదరముగా కొట్టినచో బజారువీథికి చక్కని దిమ్మెలగును. పొలములకు బరువైన గుట్ట తగ్గును. ఉలిపని తెలిసినవారికి పని దొరకును. పొరను చూచి రాయి ఎక్కడ విడునో చెప్పగల చూపు పుస్తకములలో లేదు. అది ఆ పనివారి చేతిలో ఉన్నది. పని లేకపోయినచో ఆ చేయి మరచిపోవును. సున్నపు గానుగ తెలిసిన మేస్త్రి సంగతియు అంతే. రాయికొట్టువారికి దుమ్ము లోపలికి పోకుండ తడిపి చెక్కు ఏర్పాటు, ముఖమునకు తొడుగు ఇచ్చుట పని చేయించువారి బాధ్యత. ముఖ్యముగా గండికోట ఎఱ్ఱరాతి వంటి శిలల దుమ్ము ఊపిరితిత్తులను చెరచును.

వేసిన నేలను కాపాడుట కూడ తెలియవలయును. సున్నపురాతిని యాసిడ్‌తో కడుగరాదు. మురికితోపాటు రాయియు కరిగిపోవును. అక్షరము ఉన్నచో అక్షరమును పోవును. చింతపండు, నిమ్మకాయ ఇత్తడి పాత్రలకు మంచివి, నల్లబండకు కావు. నిమ్మకాయ దీపములు వెలిగించుటకు పళ్ళెములు పెట్టినచో నేలకు మచ్చ పడదు. మంచినీరు, కొబ్బరిపీచు, మెత్తని చీపురు చాలును. నూనె పడినచో వెంటనే ముగ్గుపిండి చల్లి పీల్చనిచ్చి ఊడ్చివేయవలయును.

ప్రభుత్వ రక్షణలో ఉన్న పురాతన కట్టడములందు ఇవన్నియు పురావస్తుశాఖవారి అనుమతితోనే జరుగవలయును. 1958 నాటి చట్టమునకు 2010లో జరిగిన సవరణ ప్రకారము కేంద్రరక్షిత కట్టడము చుట్టు నూరు మీటర్ల వరకు నిషిద్ధప్రాంతము, ఆపైన రెండువందల మీటర్ల వరకు నియంత్రితప్రాంతము. కాని పల్లెలలోని వేలకొలది చిన్నగుళ్ళు, కోనేళ్ళు, రచ్చబండలు ఏ జాబితాలోను లేవు. వానికి రక్షణ ఊరివారి కన్నే. చందాలు పోగుచేసి మెరుగురాయి వేయించు దాత భక్తిని మేము శంకింపము. ఆ దాతను పాతబండలను మరల కూర్పించుటకు ఒప్పించుట ఊరి పెద్దల పని. దాత పేరు ఒక ప్రక్కన చిన్నబండమీద వ్రాయవచ్చును. వెయ్యేండ్ల నాటి దాత పేరు చెరుపకుండ వ్రాయవలయును.

అమరావతి స్తూపమునకు పలనాటి సున్నపురాతి ఫలకములు చెక్కిరి. ఆ స్తూపము పాడుబడిన తరువాత ఆ ఫలకములలో కొన్ని మెట్లకు పోయినవి, కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయినవి. కాల్చినవారు దుర్మార్గులు కారు. వారికి అది సున్నపురాయి మాత్రమే, దానిమీదిది ఏమో వారు చూడలేదు. నేడు మనకు చదువు కలదు, ఛాయాచిత్రము కలదు, చట్టము కలదు. గునపము ఎత్తుటకు ముందు ఒక బిందెడు నీళ్ళు పోసి, బండను కడిగి, సాయంకాలపు ఎండలో ఒకసారి చూతము. గట్టిగా ఉన్నదానిని ఉంచుదము. చెడినచోట ఆ సీమ రాతినే, సహజముఖముతో, సున్నములో కూర్చి పరచుదము. గండికోటలో కోట్లు ఖర్చుచేయు ఇంజనీరునకును, పల్లెలో పదిమంది చందాతో గుడినేల బాగుచేయించు పెద్దకును ఈ నియమము ఒక్కటే.